మొత్తం సెట్ వద్దు, ఒక్క బోగీతో మొదలుపెట్టనివ్వండి



మన కల్వకుర్తికి రైలు లేదు. రైలెక్కాలంటే జడ్చర్లకో మహబూబ్‌నగర్‌కో పోవాల్సిందే. అయినా మా పిల్లల నోట్‌బుక్కుల చివరి పేజీల నిండా వందే భారత్ బొమ్మలే. హైదరాబాద్ పోయి, ఎంజీబీఎస్‌లో బస్సు దిగి మెట్రో చూసొచ్చిన పిల్లలకు సోమవారం పాఠం చెప్పడం కష్టం. మీ ఇంట్లో అలాంటి బాబో పాపో ఉంటే ఈ మాటలు మీకే.

"పుట్టినరోజుకు రైలు సెట్ అడుగుతున్నాడు టీచర్, ఏది కొనాలి?" అని కొందరు అడుగుతుంటారు. వేల రూపాయలు పోసి విదేశీ సెట్ కొనకండి అంటాను. అన్నీ డబ్బాలోనే వచ్చేస్తే, మూడో రోజుకు రైలు తిరుగుతూ ఉంటుంది, బాబు చేతిలో ఫోన్ ఉంటుంది. ముందు కొన్ని వందల్లో దొరికే బ్యాటరీ రైలు చాలు. అదనపు బోగీలు వాళ్లనే చేయనివ్వండి. చక్రాలు కొనాలి, పై భాగానికి పెళ్లికార్డుల అట్ట సరిపోతుంది. మన ఇళ్లలో దానికేం కొదవ!

కొలతలే అసలు ఆట. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేల్ అంటే అసలు రైలులో 87వ వంతు. పదహారు బోగీల వందే భారత్ పొడవు సుమారు 384 మీటర్లు. అంత తగ్గించినా నాలుగు మీటర్లు దాటుతుంది, మన హాల్లో పట్టదు. అదే ఒక్క బోగీ అయితే అడుగు స్కేలు కంటే కాస్త చిన్నది. మూడు చేస్తే రైలు కళ వచ్చేస్తుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణించమనండి. ఇంచుమించు 1,435 వస్తుంది. హైదరాబాద్ మెట్రో గేజ్ అదే. ఎంఎంటీఎస్ నడిచేది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ మీద. దానికి మోడల్‌లో 19 మిల్లీమీటర్లకు పైగా కావాలి. అంటే కొన్న పట్టాల మీద మెట్రో కొలత కుదురుతుంది, ఎంఎంటీఎస్ కుదరదు. ఆ తేడాతో సర్దుకోవాలా, పట్టాలు సొంతంగా వేసుకోవాలా? అది వాళ్లనే తేల్చుకోనివ్వండి.

బ్యాటరీ రైలు అలవాటయ్యాక కరెంటు పట్టాల వైపు వెళ్లొచ్చు. మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లాకు నడిచింది. ఇప్పుడు మన లైన్లలో 25,000 వోల్టుల కరెంటు పై తీగ నుంచి దిగి, పట్టాల ద్వారా తిరిగిపోతుంది. మామూలు మోడల్‌లో పై తీగ అలంకారమే. ఒక పట్టా ప్లస్, ఒకటి మైనస్. అందుకే ఒకే ఇరుసు మీది రెండు ఇనుప చక్రాల మధ్య ప్లాస్టిక్ అడ్డు లేకపోతే షార్ట్ అవుతుంది. వైర్లు అటుదిటు మారిస్తే రైలు వెనక్కి నడుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండాలి. 12 వోల్టుల డీసీ అడాప్టర్ తప్ప, ఇంటి ప్లగ్గు నుంచి నేరుగా వైరు లాగనివ్వకండి.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా? పెరుగుతాయని చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకు తేలికే, కానీ చెప్పను. స్కూల్ పత్రికలో టీచర్ ఈ మాట అనడం వింతే కావొచ్చు. దయచేసి దీన్ని ప్రాజెక్టు చేసి మా దగ్గరకు పంపకండి. మేము మార్కులు వేసిన రోజు నుంచి అది హోంవర్క్ అయిపోతుంది. పిల్లలకు మేము దిద్దని పని ఒక్కటైనా ఉండాలి.

ఇంకో విన్నపం. తొమ్మిదో తరగతికి రాగానే ఇలాంటివన్నీ సజ్జ మీదికెక్కిస్తుంటాం. ఫౌండేషన్ క్లాసులు, స్టడీ అవర్లు ఉంటాయి, కాదనను. ఆదివారం ఒక గంట మిగల్చండి. చోటు లేదంటారా? పట్టాలను ప్లైవుడ్ పలక మీద బిగించి మంచం కిందికి తోసేయొచ్చు. వచ్చే ఆదివారం అట్లాగే బయటికి లాగొచ్చు.