తీగ లాగితే జేబు కదిలింది!

టీవీ కొనడం అయింది. దానికి తగ్గ హోం థియేటరూ కుదిరింది. బిల్లు కట్టే సమయానికి షాపతను నెమ్మదిగా అందుకుంటాడు... 'ఇంత మంచి సెట్టు తీసుకుని మామూలు వైరు వేస్తే ఎలా సార్?' అని. చేతిలో పట్టుదారంలా అల్లిన కేబుల్, చివర బంగారు పిన్నులు. ధర చూస్తే స్పీకర్ల ధరలో సగం! కొనకపోతే శబ్దం పాడవుతుందేమోనని బెంగ. కొంటే జేబుకు చిల్లు. ఇంతకీ ఆ తీగకు అంత విలువ ఉందా?

యాంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని స్పీకర్‌దాకా చేర్చడమే తీగ పని. పాటకు అది కొత్తగా తీపి కలపదు. దారిలో ఏదీ పోగొట్టకుండా ఉంటే చాలు. నీళ్ల పైపు సన్నగా ఉంటే ధార తగ్గుతుంది. తగినంత వెడల్పుంటే మాత్రం, వెండి పైపు వేసినా నీళ్ల రుచి మారదు. ఇదీ అంతే.

స్పీకర్ వెనక 8 ఓంలనో, 4 ఓంలనో రాసి ఉంటుంది. తీగ నిరోధం అందులో 5 శాతం దాటకూడదన్నది ఇంజినీర్లు వాడే లెక్క. ఇళ్లలో లైట్లకు వేసే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరునే తీసుకుందాం. 5 మీటర్ల దూరానికి, రానూపోనూ 10 మీటర్లు. దాని నిరోధం సుమారు 0.12 ఓం. 8 ఓంల స్పీకర్‌కు అది ఒకటిన్నర శాతం. 4 ఓంలదైతే 3 శాతం. రెండూ హద్దులోపలే! అదే దూరానికి వెంట్రుకల్లాంటి 0.2 స్క్వేర్ ఎంఎం వైరు లాగితే 8 ఓంల స్పీకర్‌కే 10 శాతం దాటిపోతుంది. అప్పుడు తేడా వస్తుంది. అంటే చూడాల్సింది తీగ లావు, పొడవు. పేరూ, ధరా కాదు.

మరి వెండి? కరెంటును మోయడంలో రాగికంటే దాదాపు 6 శాతమే మెరుగు. రాగి వైరు ఒక సైజు లావుగా తీసుకుంటే ఆ తేడా తీరిపోతుంది. బంగారం ఈ విషయంలో రాగికంటే వెనకే. కాకపోతే దానికి చిలుము పట్టదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అది పనికొచ్చే గుణమే. పిన్ను మీద ఉండేది పలుచని పూతే కాబట్టి, దానికోసం వేలు పోయక్కర్లేదు.

కళ్లకు గంతలు కడితే...

ఒకప్పుడు అమెరికాలోనూ స్పీకర్లకు బల్బు వైరే వాడేవారు. 1970ల చివర్లో నోయెల్ లీ అనే ఇంజినీరు 'మాన్‌స్టర్ కేబుల్' పేరుతో లావుపాటి తీగలు అమ్మడంతో ఇదో పెద్ద వ్యాపారమైంది. 1983లో 'స్టీరియో రివ్యూ' పత్రిక ఓ పరీక్ష పెట్టింది. ఏ తీగ మోగుతోందో శ్రోతలకు చెప్పకుండా వినిపించారు. హోరులాంటి పరీక్ష శబ్దంలో సన్నటి 24 గేజ్ తీగను పట్టుకోగలిగారు. కానీ పాటలు వింటూ మామూలు 16 గేజ్ వైరుకూ, మాన్‌స్టర్‌కూ తేడాను నిలకడగా చెప్పలేకపోయారు.

2007లో ఇంకో ముచ్చట. 12 అడుగుల జత 7,250 డాలర్లు పలికే స్పీకర్ కేబుల్ ఒకటి వార్తల్లోకెక్కింది. అప్పటి లెక్కలో రెండున్నర లక్షల రూపాయల పైమాటే! కేవలం చెవులతో దాన్నీ, మామూలు మంచి కేబుల్‌నూ వేరుచేసి చెబితే పది లక్షల డాలర్లిస్తానని ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ సవాలు విసిరాడు. తయారీదారు వెనక్కి తగ్గడంతో ఆ పోటీ జరగనే లేదు.

'కానీ మాకు తేడా వినిపించింది' అనేవాళ్లు అబద్ధమాడుతున్నట్టు కాదు. ధర తెలిశాక మనసు ముందే సిద్ధమైపోతుంది. వాల్యూం రవ్వంత పెరిగినా శబ్దం బాగుందనిపిస్తుంది. పాత వైరు పీకి కొత్తది బిగించడంలో వదులైన పిన్ను గట్టిపడి నిజంగానే బాగుపడొచ్చు!

అనుమానం తీరాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. నాన్న కళ్లు మూసుకుని కూర్చోవాలి. పిల్లలు రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఒక కేబుల్, బొరుసు పడితే ఇంకోటి తగిలించాలి. సెట్టు ఆపాకే వైరు మార్చాలి. వాల్యూం కదపకూడదు. పదిసార్లు ఆడితే ఊహతోనే అయిదు ఒప్పవుతాయి. తొమ్మిదో, పదో ఒప్పవడం గాలివాటంగా నూటికి ఒక్కసారే. అలా చెప్పగలిగితే కొనుక్కోవచ్చు!

ఎక్కడ చూసుకోవాలి?

అలాగని ప్రతి చవక తీగా మంచిదేం కాదు. అల్యూమినియం మీద రాగి పూత పూసి అమ్మేవీ ఉన్నాయి. బ్లేడుతో గీస్తే ఎర్రటి పూత కింద తెల్లగా కనిపిస్తుంది. అల్యూమినియం రాగిలో 60 శాతం మేరకే కరెంటును మోస్తుంది.

మైకు సంగతి వేరు. అందులో పుట్టే సంకేతం చాలా బలహీనం. పెళ్లిపందిట్లో ఇరవై మీటర్లు లాగితే పక్కనున్న కరెంటు వైర్ల నుంచి 'గుయ్‌'మనే హోరు కలుస్తుంది. అక్కడ షీల్డు ఉన్న మూడు పిన్నుల కేబుల్‌కు డబ్బు పెట్టాల్సిందే.

హెచ్‌డీఎంఐలో బొమ్మా, పాటా అంకెల రూపంలో వెళ్తాయి. అంకెలు సరిగ్గా చేరితే పని పూర్తయినట్టే. చేరకపోతే తెరమీద చుక్కలు మెరుస్తాయి, శబ్దం తెగుతుంది. అంతేగానీ గొంతు కాస్త తియ్యబడటమంటూ ఉండదు. 4కె టీవీకి 'ప్రీమియం హైస్పీడ్' ముద్ర ఉన్నది చాలు.

మిగిలిన డబ్బు మెరుగైన స్పీకర్లకు పెట్టొచ్చు. పాలరాతి నేల, ఖాళీ గోడలున్న హాల్లో ఓ తివాచీ, దళసరి కర్టెన్లు వేస్తే ప్రతిధ్వని తగ్గి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. షోకేసులో ఇరికించిన స్పీకర్లను బయటికి తీసి చెవుల ఎత్తులో పెట్టడానికైతే రూపాయి కూడా అక్కర్లేదు.

'మీ చెవులకు ఇంకా అలవాటు కాలేదు సార్' అని ఎవరైనా అంటే దేవతా వస్త్రాల కథ గుర్తు తెచ్చుకోండి. బట్టలు కనబడలేదన్న పిల్లవాడి కళ్లలో ఏ లోపమూ లేదు!