తూకంలో తేమ

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు ముందు కాటా వైపు చూడడు. దూదిని పిడికిట్లో నలిపి చూస్తాడు, తేమ మీటరు గుచ్చుతాడు. తేమ 8 శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే అసలు కొనదు. నీళ్లు కూడా తూగుతాయి గానీ నీళ్లు పత్తి కావని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఒంటి విషయంలోనూ ఈ లెక్క పట్టించుకోవాలని చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను.

ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ వాళ్లది మగ్గం ఇల్లు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘానికి నేసిన ఇల్లు. గుంట మగ్గంలో దిగితే పొద్దు గూకేదాకా ఆమె కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉండేవి. ఇప్పుడు మగ్గం లేదు. మిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుడుతుంది. బరువు 78 కేజీలకు చేరింది, మోకాళ్లు మొరాయించాయి. పోయిన ఎండాకాలం ఎవరో ‘అంతా ఆకులే, ఏమీ కాదు’ అని చెబితే బరువు తగ్గించే పొడి డబ్బా ఒకటి కొనింది. రెండు వారాల్లో నాలుగు కేజీలు తగ్గింది. ‘రోజుకు నాలుగైదుసార్లు కడుపు కడిగేస్తాందిరా, ఒళ్లు తేలికైపోయింది’ అని ఫోన్లో సంబరపడింది. మూడో వారం పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి గడప దగ్గర పడిపోయింది. సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

డబ్బా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో సునాముఖి అని ఉంది. మన నేలతంగేడే. మలబద్ధకానికి ఒకటి రెండు రోజులు వాడితే మంచి మందే. కానీ తిన్నదాంట్లో సత్తువనంతా చిన్నపేగు పీల్చుకున్నాక, అది పెద్దపేగులో పని చేస్తుంది. కాబట్టి పోయేది నీళ్లూ, లవణాలూ. కొవ్వు ఉన్నచోటే ఉంటుంది. నెల తిరక్కుండా ఆ నాలుగు కేజీలూ తిరిగొచ్చాయి. చిన్నమ్మ అమ్ముకున్నది పత్తి కాదు, తేమ.

అన్ని మూలికలూ ఇలాంటివేనా అంటే, కావు. కానీ పరీక్షకు నిలబడినవి వెతికినా దొరకవు. కేరళవాళ్లు చేపల పులుసులో వేసుకునే కుడంపులి ఉంది కదా, దాని సారాన్ని ‘గార్సీనియా’ పేరుతో ప్రపంచమంతా అమ్ముతున్నారు. అమెరికాలో 135 మందిపై 12 వారాలు పరీక్షించి 1998లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకంటే అది మింగినవాళ్లు ఎక్కువేమీ తగ్గలేదు. 2020లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 54 పరీక్షలను, 4,331 మంది వివరాలను ఒక్కచోట పేర్చి చూశారు. ఒంటికి మేలు జరిగిందనాలంటే కనీసం 2.5 కేజీల తేడా ఉండాలని గీత గీసుకున్నారు. కాస్త పని చేసిన బీన్స్ గింజల సారం 1.6 కేజీల దగ్గరే ఆగిపోయింది. నమ్మి వాడమని చెప్పదగినది ఒక్కటీ తేలలేదు.

మరి కొన్ని పొడులు చకచకా తగ్గిస్తాయే అంటారా? అక్కడే నాకు భయం. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని మన దేశంతో సహా అనేక దేశాలు నిషేధించిన సిబుట్రమిన్ అనే మందు, మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో కలిసి ఉన్నట్టు అమెరికా అధికారులు మళ్లీ మళ్లీ పట్టుకున్నారు. ఊబకాయాన్ని నయం చేస్తామని మందుకు ప్రచారం చేయడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి వాడవాడలా డబ్బాలు పంచేవాళ్లకూ, వాళ్లను పట్టుకోవాల్సినవాళ్లకూ గుర్తుండాలి.

అసలు బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన ఒంటి తీరే అంత. కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. పైగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో మూడోవంతుకు పైగా అధిక బరువు, సగానికి పైగా రక్తహీనత. అలాంటి మనిషి పొడి తాగి కడుపు మాడ్చుకుంటే ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. కాటా దాన్నీ లాభంగానే చూపిస్తుంది.

ఉలవలు, జొన్నరొట్టె, కొర్రన్నం తిండిగా తినండి, మందుగా కాదు. పొద్దున్నే నడవండి, కండకు పని పెట్టండి. ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్తపడాలి. అది కొలవడానికి డబ్బా కొనక్కర్లేదు. చిన్నమ్మ మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఇన్నేళ్లూ దాంతో ఊరందరి కొలతలూ తీసింది. సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చిన వారానికి మొదటిసారి తన నడుముకు చుట్టుకుంది. 96. ఉగాది క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసిపెట్టుకుంది. నెలకోసారి కొలుస్తోంది. ఇప్పుడు 92. కాటా మీద తగ్గింది రెండు కేజీలే, కానీ ఈసారి తగ్గింది తేమ కాదు.