ఇత్తడి చెప్పే అబద్ధం

“అన్నా, యూబెర్టీ కొనాలా, పియెట్టా కొనాలా?” పాతకాలపు రివాల్వర్ల మీద మోజు పుట్టిన ప్రతివాడూ మొదట అడిగేది ఇదే. ఒకప్పుడు నేనూ అడిగాను. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. సమాధానం చెప్పగలను. కానీ అసలు ప్రశ్నే తప్పు.

విషయం తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. అమెరికా అంతర్యుద్ధం నాటి ఈ రివాల్వర్లలో ఇప్పటిలా లోహపు తూటా పెట్టరు. సిలిండర్‌లో ఉన్న ఆరు గదుల్లో ముందువైపు నుంచి బ్లాక్ పౌడర్ పోసి (నల్లమందు అందామంటే మనకది వేరే సరుకు), పైన సీసపు గుండు పెట్టి, బారెల్ కిందున్న మీటతో దిగ్గొట్టాలి. వెనకవైపు చిన్న రాగి క్యాపులు తొడగాలి. మన దీపావళి తుపాకిలో రీలు పేలినట్టు క్యాపు పేలితే లోపలి మందు అంటుకుంటుంది. వీటి నకళ్ళు ఇప్పటికీ తయారవుతున్నాయి. అదీ ఎక్కువగా అమెరికాలో కాదు, ఉత్తర ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో. యూబెర్టీది గార్దోనే వాల్ త్రోంపియా, పియెట్టాది గుస్సాగో. పక్కపక్క మండలాలనుకోండి.

ఇక ఆ వాదన. యూబెర్టీ పక్షం వాళ్ళు పిడి వంపు, మెరుగు అసలు కోల్ట్‌కి దగ్గరగా ఉంటాయంటారు. నిజమే. పియెట్టా పక్షం వాళ్ళు ధర తక్కువ, ఇప్పటి యంత్రాల మీద పని కచ్చితంగా వస్తోందంటారు. అదీ నిజమే. కోల్ట్ తరహా తుపాకిలో సిలిండర్ పైన పట్టీ ఉండదు. బారెల్‌ని పట్టి ఉంచేది ఆర్బర్ అనే కడ్డీ, దానిలోంచి అడ్డంగా దూరే చీల. కడ్డీ కొస బారెల్‌లోని గుంట అడుగుకి ఆనాలి. ఆనకపోతే చీలని ఎంత గట్టిగా కొడితే బారెల్ అంత వెనక్కి జరిగి సిలిండర్ బిగుసుకుపోతుంది. యూబెర్టీల్లో ఈ కడ్డీ పొట్టిగా ఉంటుందన్నది షూటర్ల పాత ఫిర్యాదు. గుంట అడుగున తగిన మందంలో చిన్న లోహపు బిళ్ళ వేస్తే సరిపోతుంది. ఓపికున్నవాడు యూబెర్టీ కొనుక్కోవచ్చు, పెట్టె విప్పగానే కాల్చాలనుకునేవాడు పియెట్టా కొనుక్కోవచ్చు. ఇంత చిన్న విషయానికి ఏళ్ళ తరబడి కొట్టుకుంటాం. పెద్ద విషయం మాత్రం ఒక్కడూ ఎత్తడు.

నేను కొన్న మొదటి తుపాకి మీద “1851 నేవీ, కాన్ఫెడరేట్” అని ఉండేది. ఇత్తడి ఫ్రేము, ఎనిమిది పలకల బారెల్, .44 కాలిబర్. తయారీ ఎవరిదన్నది అనవసరం, ఇలాంటివి అమ్మింది ఒక్కరే కాదు. ధర తక్కువ, బంగారంలా మెరుపు. బాల్యంలో ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి ఊగిపోయిన నాకు ఇంకేం కావాలి? పైగా దుకాణంవాడు “రెబెల్ గన్” అన్నాడు. రెబెల్ అంటే మనకి రెబెల్ స్టారే కదా, మంచి మాటేననుకున్నాను. గట్టిగా మందు దట్టించి కాల్చాను. ఏడాది తిరక్కుండా సిలిండర్ వెనక పళ్ళు ఇత్తడిలో అచ్చు గుద్దాయి, సందు పెరిగింది. ఇత్తడి మెత్తన. తప్పు నాదే.

అసలు దెబ్బ తర్వాత చదువుతుంటే తగిలింది. కోల్ట్ కంపెనీ 1851 నేవీని .36లోనే చేసింది, .44లో ఎన్నడూ చేయలేదు. ఇత్తడి ఫ్రేముతో నేవీని అనుకరించినవాళ్ళలో ముఖ్యులు జార్జియాలోని గ్రిస్‌వోల్డ్ అండ్ గన్నిసన్. అదీ .36లోనే, బారెల్ గుండ్రం. అంటే నా చేతిలో ఉన్న తుపాకి చరిత్రలో లేనే లేదు.

సామ్యూల్ గ్రిస్‌వోల్డ్ పత్తి జిన్నులు చేసే వ్యాపారి. 1862లో ఆ ఫ్యాక్టరీనే రివాల్వర్లకి మార్చాడు. సుమారు 3,600 చేశారు. పనిచేసిన 24 మందిలో 22 మంది బానిసలని ఆనాటి కథనం. తమని బానిసలుగానే ఉంచడానికి జరుగుతున్న యుద్ధానికి తమ చేతుల్తోనే ఆయుధాలు చేశారు వాళ్ళు. 1864 నవంబరులో షెర్మన్ సైన్యపు ఆశ్వికదళం ఆ ఫ్యాక్టరీని తగలబెట్టింది. నేనుండేది అట్లాంటా దగ్గర. ఒక శనివారం మేకన్ దాటి వెళ్ళి చూశాను. పొలం, చెట్లు, యుద్ధం గురించి ఒక పలక. ఇత్తడి పోతపోసిన ఆ 22 మంది పేర్లు నాకెక్కడా దొరకలేదు. ఇప్పుడు అదే ఇత్తడి మెరుపుని, వాళ్ళ ఊసు లేకుండా, “రెబెల్” అన్న వీరగాథగా మనకి అమ్ముతున్నారు. మనం “ఫినిష్ ఎవరిది బాగుంది?” అని బేరాలాడుతున్నాం!

“నకలే కదా, ఆడుకునే వస్తువుకి ఇంత చరిత్రెందుకు?” అంటారు మిత్రులు. నకలుని నేను తక్కువ చేయడంలేదు. 1971లో కోల్ట్ కంపెనీయే మళ్ళీ నేవీలు అమ్మినప్పుడు ముడి భాగాలు ఇటలీ నుంచి వచ్చాయి. నకలుకి సిగ్గుపడక్కర్లేదు. ఏదో ఒక అసలుకి జవాబుదారీగా ఉంటే చాలు. చరిత్ర అక్కర్లేకపోతే దాని మీద 1851 అని ఎందుకు, కాన్ఫెడరేట్ అని ఎందుకు? మనం డబ్బిచ్చి కొంటున్నది ఆ పేరునే కదా.

“కొత్తవాళ్ళకి చవగ్గా దొరికేది ఇత్తడే” అనేది ఇంకో వాదన. చవకేం కాదు. ఇంకొంచెం పెడితే ఉక్కు ఫ్రేము వస్తుంది, సబ్బునీళ్ళతో కడిగి నూనె రాస్తూ ఉంటే మన పిల్లల దాకా ఉంటుంది. ఇత్తడిదే కావాలంటే గుండ్రటి బారెల్‌తో .36 తీసుకోండి, మందు తక్కువ పొయ్యండి, అది ఎవరి చేతుల్లో తయారైందో తెలుసుకుని కొనండి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

అందుకని, ఏ కంపెనీ అని అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇలాంటి తుపాకి నిజంగా ఉండేదా? ఏ కాలిబర్‌లో? ఎవరు చేశారు, ఎవరి మీద కాల్చారు? వీటికి జవాబు దొరికాక యూబెర్టీనా పియెట్టానా అన్నది పిడి పట్టుకుని చూసి తేల్చుకోవచ్చు.

మొన్న అడిగిన తమ్ముడికీ ఇదే చెప్పాను. “అంత ఆలోచిస్తే ఏదీ కొనలేం అన్నా” అని నవ్వాడు. నా ఇత్తడిదాన్ని అతని చేతిలో పెట్టి, సిలిండర్ వెనక పడ్డ గుంటలు చూపించి, గ్రిస్‌వోల్డ్ సంగతి చెప్పాను. అతనింకా ఏదీ కొనలేదు. నేను మాత్రం ఆ తుపాకిని అమ్మలేదు. అమ్మితే ఆ అబద్ధాన్ని ఇంకొకడికి అంటగట్టినట్టే.