కట్లపాము రిఫరల్ చీటీ కోసం ఆగదు

వానలు మొదలైతే నాగార్జునసాగర్ డ్యాం పక్కనున్న మన విజయపురి సౌత్ చుట్టుపక్కల తండాల్లో, పొలాల్లో, ప్రాజెక్టు కాలనీ పాత క్వార్టర్ల పొదల్లో పాములు బయటికొస్తాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలైపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మందు లేదా అంటే ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు ఇంజక్షన్. మా భయమంతా రోగి ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి మారే చోటు గురించే.

కట్లపాము నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు గాటు కనపడదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకుని బిళ్ల ఇచ్చి పంపేస్తారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, ఊపిరి అందదు. ఆ వాలిన రెప్పను ముందు చూసేది డాక్టరే కానక్కర్లేదు. ఆశా కార్యకర్త కావచ్చు, వార్డులో ఆయమ్మ కావచ్చు. “సార్, ఈమె కళ్లు తెరవలేకపోతోంది, రాత్రి కింద పడుకుందంట” అని చెప్పే చనువు ఆమెకు ఉందా? చెబితే వినే ఓపిక ఆయనకు ఉందా? హోదా చూసి మాట వినే జబ్బుకు మాత్రం ఇంకా విరుగుడు రాలేదు.

రక్తపింజర కాటుదీ అదే కథ. పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. గొట్టాన్ని సబ్బుతో కడిగినా, ప్లాస్టిక్‌ది వాడినా పరీక్ష తప్పుతుంది. ల్యాబ్ టెక్నీషియన్‌కు తెలిసిన ఈ సంగతి రాత్రి డ్యూటీ నర్సుకు ఎవరైనా చెప్పారా? ఇంటివాళ్లు బిగించిన తాడును విరుగుడు సిద్ధం కాకముందే విప్పేస్తే ప్రమాదమని 108 సిబ్బందికీ డాక్టరుకూ ఒకే మాట ఉందా?

వైద్య వృత్తులవాళ్లు కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మన దగ్గర డాక్టరుది ఒక కాలేజీ, నర్సుది ఇంకోటి, ఫార్మసిస్టుది మరోటి. ముగ్గురూ కలిసేది రోగి ప్రాణం మీదికి వచ్చాకే. పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గిస్తామంటూ 2024 మార్చిలో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. కాగితం బాగుంది, గడువు దగ్గర పడుతోంది.

జిల్లా వైద్యాధికారులు ఈ నెలలోనే డాక్టర్లను, నర్సులను, ల్యాబ్, ఫార్మసీ, 108 సిబ్బందిని, ఏఎన్‌ఎంలను, ఆశాలను ఒక్క గదిలో కూర్చోబెట్టాలి. ఉపన్యాసాలు వద్దు. ఒకరిని రోగిలా పడుకోబెట్టి, గడియారం ఎదురుగా పెట్టుకుని, మొదటి ఫోన్ నుంచి రిఫరల్ చీటీ దాకా నడిపి చూడండి. కాటు ఎప్పుడు పడింది, ఎన్ని వయల్స్ ఎక్కించారు అన్నది ఆ చీటీలో లేకపోతే పై ఆసుపత్రి మళ్లీ మొదటికి రావాల్సిందే. ఇక్కడి నుంచి గుంటూరు 130 కిలోమీటర్లకు పైనే. డ్యాం అవతలి తెలంగాణ సిబ్బందినీ పిలవండి. నీళ్ల తగాదాను గేట్ల దగ్గరే ఉండనివ్వండి.

ఊళ్లోవాళ్లకు ఒక మాట. గాటు కోయొద్దు, పీల్చొద్దు, తాడు కట్టొద్దు, మంత్రమంటూ గంటలు పోగొట్టొద్దు. కాలో చెయ్యో కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కాటు పడిన టైము గుర్తుంచుకుని, చేతులు మారిన ప్రతిచోటా చెప్పండి.