క్రీడా పరిచర్యకు నమ్మకమే గీటురాయి

సంక్రాంతి వచ్చిందంటే తెలుగు పల్లెల్లో వాలీబాల్ పోటీల సందడి మొదలవుతుంది. పాఠశాల మైదానాల్లో నెట్ కట్టి ఆడే ఈ ఆట ఒక క్రైస్తవ యువజన సంఘంలో పుట్టిందన్న సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం హోలియోక్‌లో వైఎంసీఏ వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గన్ 1895లో దీనిని రూపొందించారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1891లో, అదే రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల అధ్యాపకుడు జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టారు. ఆ సంఘం కార్యదర్శులు బైబిల్‌తోపాటు బంతినీ ఆసియా దేశాలకు తీసుకువెళ్లారు.

ఒక దేశపు చర్చి మరో దేశంలోని యువతకు ఆటల ద్వారా చేరువయ్యే ఈ ప్రయత్నాన్నే నేడు క్రీడా పరిచర్య అంటున్నారు. మైదానం చర్చి గోడల కంటే విశాలమైనది. అన్ని మతాల పిల్లలూ అక్కడికి వస్తారు. అందుకే ఈ మార్గం మిషనరీలను ఆకర్షిస్తోంది. అనుమానాలకు తావిస్తున్నదీ అందుకే. పిల్లలను పిలుస్తున్నది ఆట కోసమా, ఆటను ఎరగా చూపడానికా అన్నదే ప్రశ్న.

మద్రాసు చూపిన బాట

ఈ ప్రశ్నకు చరిత్రలో కొంత సమాధానం దొరుకుతుంది. అమెరికా నుంచి 1919లో మద్రాసు వచ్చిన హ్యారీ క్రో బక్ మరుసటి ఏడాదే అక్కడ వైఎంసీఏ వ్యాయామ విద్యా పాఠశాలను స్థాపించారు. కొన్ని జట్లను తయారుచేసి సంతృప్తి పడకుండా, ఆట నేర్పే ఉపాధ్యాయులను తయారుచేయడాన్ని ఆయన లక్ష్యంగా పెట్టుకున్నారు. మతంతో నిమిత్తం లేకుండా అభ్యర్థులు అందులో శిక్షణ పొందారు. ఆంధ్ర జిల్లాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగమైనందున ఇక్కడి పాఠశాలల్లో వ్యాయామ విద్య పాదుకోవడంలోనూ ఆ సంస్థకు పాత్ర ఉంది. బక్ 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టుతో వెళ్లారు. ఆయన 1943లో కన్నుమూశారు. కళాశాలగా ఎదిగిన ఆ సంస్థ చెన్నై నందనంలో నేటికీ నడుస్తోంది.

అదే పారిస్‌లో స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం నాటి హీట్స్‌లో పరుగెత్తరాదన్న నియమంతో 100 మీటర్ల పోటీని వదులుకున్నారు. 400 మీటర్లలో స్వర్ణం గెలిచారు. ఆ మరుసటి ఏడాదే మిషనరీగా చైనాలోని తియాన్‌జిన్‌కు వెళ్లి, పాఠశాలలో విజ్ఞానశాస్త్రంతోపాటు ఆటలూ నేర్పారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆయనను వెయ్‌షియన్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. ఆదివారాలు పెద్దల అజమాయిషీ లేకుండా ఆడుతున్న కుర్రాళ్లు కొట్లాటలకు దిగుతుంటే, అదే లిడెల్ తన నియమాన్ని పక్కనపెట్టి రిఫరీగా నిలిచారు. ఒలింపిక్ పతకం కోసం సడలించని నియమాన్ని పిల్లల కోసం సడలించారు. ఆయన 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే మరణించారు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణా ఉంది. శ్రీనగర్‌లో 1891లో ఫుట్‌బాల్ ప్రవేశపెట్టిన టిండేల్ బిస్కో, తోలు బంతిని తాకడానికి నిరాకరించిన పండిత కుటుంబాల కుర్రాళ్ల చేత బలవంతంగా ఆడించారు. ఆట నిలిచింది, ఆయన పేరిట పాఠశాలా నిలిచింది. అయితే మరొకరి ఆచారాన్ని బలవంతంగా కాదనే అధికారం పరాయిదేశపు ఉపాధ్యాయుడికి ఎక్కడిదన్న ప్రశ్న కూడా నిలిచే ఉంది.

దోర్నకల్ బిషప్ మాట

తెలంగాణలోని దోర్నకల్‌లో సేవచేసిన వి.ఎస్.అజరయ్య ఈ లోపాన్ని ముందే గుర్తించారు. వైఎంసీఏ కార్యదర్శిగా పనిచేసిన ఆయన తిరునెల్వేలి ప్రాంతం నుంచి తెలుగువారి మధ్యకు మిషనరీగా వచ్చి, 1912లో బిషప్ అయ్యారు. విదేశీ మిషనరీలు స్థానికులపై పెత్తనం మాని స్నేహం అందించాలని 1910 ఎడిన్‌బరో మహాసభలో నిర్మొహమాటంగా కోరారు. క్రీడా పరిచర్య ప్రారంభించేవారికి ఇంతకు మించిన సూత్రం లేదు.

చట్టాల హద్దులు

నేటి పరిస్థితుల్లో సదుద్దేశం ఒక్కటే చాలదు. పర్యాటక వీసాపై భారత్ వచ్చినవారు మతప్రచారం చేయరాదు. మిషనరీలకు ప్రత్యేక వీసా ఉంది. విదేశాల్లో స్థిరపడి ఓసీఐ కార్డు పొందిన తెలుగువారు సొంత ఊళ్లో మిషనరీ కార్యక్రమాలు చేపట్టాలన్నా 2021 నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి తీసుకోవలసిందే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం నిధులు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే చేరాలి. పాలనా వ్యయం 20 శాతం మించరాదు. ఒక సంస్థ పొందిన సొమ్మును మరో సంస్థకు బదలాయించకూడదు.

ఒడిశా 1967 చట్టం, ఉత్తరప్రదేశ్ 2021 చట్టం మతమార్పిడి కోసం ఇచ్చే కానుకలను ప్రలోభంగానే పరిగణిస్తున్నాయి. పేద పిల్లవాడికిచ్చిన బూట్లు, జెర్సీ సాయమా, షరతా అన్నది స్పష్టంగా ఉండకపోతే వివాదం తప్పదు. పిల్లల భద్రత అన్నింటికంటే ముఖ్యం. మత సంస్థల సిబ్బంది బాలలపై లైంగిక నేరానికి పాల్పడితే 2012 నాటి పోక్సో చట్టం దానిని మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా శిక్షార్హమే.

కనుక స్థానిక చర్చి ఆహ్వానం, స్థానిక భాష, తల్లిదండ్రుల అంగీకారం, ఊరి శిక్షకులకు బాధ్యత అప్పగించే ప్రణాళిక లేకుండా తొలి బంతి వేయడం తొందరపాటే అవుతుంది. ప్రార్థనకు రాని పిల్లవాడికీ జట్టులో చోటుండాలి. ఆ సంగతి ఊరందరికీ ముందే తెలియాలి. మిషనరీ తిరిగి విమానమెక్కిన మర్నాడు సాయంత్రం కూడా ఆ మైదానంలో నెట్ కట్టే చేతులు ఉన్నాయా అన్నదే ఇలాంటి పరిచర్యకు అసలు పరీక్ష. మద్రాసులో బక్ ఆ పరీక్ష నెగ్గారు. ఇకపై వచ్చేవారినీ ప్రజలు ఆ కొలతతోనే చూస్తారు.