కప్పల అరుపుకు బొమ్మ

పిల్లలూ! వానాకాలం వచ్చిందంటే మన కోనసీమ వరిచేల నిండా కప్పల అరుపులే గదా! ఆ అరుపుకు బొమ్మ వెయ్యమంటే మీరేం వేస్తారు? నోరు తెరిచిన కప్పను వేస్తారేమో!

1951లో చైనాలో లావో షె అనే రచయిత, చీ బైషీ అనే వృద్ధ చిత్రకారుణ్ణి ఇదే కోరాడు. కొండవాగు వెంట చాలా దూరం వినిపించే కప్పల అరుపును బొమ్మగా వెయ్యమన్నాడు. వయసులో వడ్రంగం చేసి బతికిన చీ బైషీకి అప్పటికి తొంభై దగ్గర పడుతున్నాయి. ఆయన కప్పను వెయ్యనే లేదు. కొండల నడుమ పారే నీరూ, అందులో కొట్టుకువచ్చే ఆరు తోకకప్పలూ వేశాడు. పిల్లలు ఇక్కడ ఉన్నాయంటే తల్లులు ఎగువన అరుస్తూ ఉన్నట్టే గదా!

ఆయన 1957లో చనిపోయాడు. 1960లో షాంఘై స్టూడియోవారు ఆయన బొమ్మల తరహాలోనే ఒక చిన్న బొమ్మల సినిమా తీశారు. అందులో తోకకప్పలు అమ్మను వెతుకుతూ బంగారు చేపనూ, పీతనూ, తాబేలునూ చూసి అమ్మే అనుకుంటాయి. పాపం, వాటి తప్పేముంది? తోకకప్పకు తోక ఉంటుంది, మొదట్లో కాళ్ళుండవు. చేపలాగే మొప్పలతో నీటిలో ఊపిరి పీలుస్తుంది. కాళ్ళు మొలిచి, ఊపిరితిత్తులు ఏర్పడి, తోక కరిగిపోయాకే అది కప్ప అవుతుంది.

మామూలు బొమ్మల సినిమాలో ముందు గీత గీసి, లోపల రంగు నింపుతారు. ఈ చైనా సిరా బొమ్మలకు అంచు గీత ఉండదు. సిరా కాగితం మీద చెమ్మలాగా పాకుతుంది. అలాటి మరకను వేలసార్లు ఒకేలా వెయ్యటం ఎవరి తరం? అయినా వాళ్ళు ఒక్కొక్క బొమ్మనూ పొరలు పొరలుగా వేసి, ఫోటోలు తీసి, సాధించారు. తాతల నాటి కుంచె తెరమీద కదిలింది!

మనవాళ్ళు సినిమా పుట్టకముందే తెల్లగుడ్డ వెనక దీపం పెట్టి తోలుబొమ్మలు ఆడించారు. కాకినాడ దగ్గర మాధవపట్నం ఆ కళకు పేరుపొందిన ఊరు. కాని చూసేవాళ్ళు లేకపోతే ఆడేవాళ్ళు ఎవరికోసం ఆడతారు? ఆ తోలుబొమ్మల హనుమంతుడు అదే రంగులతో, అదే గంతులతో మన టీవీలోకి దూకితే ఎంత బాగుంటుంది! ఆ పని పెద్దయ్యాక మీలో ఎవరో ఒకరు చెయ్యాలి.

ఈలోగా ఒక చిన్న పని చెయ్యండి. కొబ్బరాకుల మీద వాన చప్పుడును బొమ్మగా వెయ్యండి. ఒక్క వానచినుకు కూడా కనిపించకూడదు సుమా!