పైలటు కాదలచినవారికి డిగ్రీ దేనికి?

గన్నవరంలో లేచిన విమానం పొలాల మీదుగా పోతుంటే తలెత్తి చూడనివారు మన ప్రాంతంలో ఎవరుంటారు? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక స్థావరంగా ఉన్న ఆ విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా లభించింది. 2018 డిసెంబరులో అక్కడినుంచి సింగపూరుకు తొలి విమానం బయలుదేరింది. విమానాలు మన ఊళ్ళకు దగ్గరైనకొద్దీ వాటిని నడపాలన్న కోరిక కూడా మీలో పెరుగుతున్నది. పదవ తరగతి ముగియవచ్చేసరికి మీలో కొందరు తప్పక అడిగే ప్రశ్న ఇది: "పైలటు కావాలంటే ఏ డిగ్రీ చదవాలి?"

దీనికి సూటిగా జవాబు చెబుతాను. మనదేశంలో పైలటు లైసెన్సు పొందడానికి డిగ్రీ అక్కరలేదు. అయినా డిగ్రీ చదవమనే నా సలహా. అది ఎలాంటి డిగ్రీ కావాలో, ఎందుకు కావాలో ఆలోచిద్దాం.

లైసెన్సుకు కావలసినవి

మనదేశంలో లైసెన్సులు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. దీన్నే డి.జి.సి.ఏ. అంటారు. 16 ఏళ్ళు నిండినవారు విద్యార్థి పైలటు లైసెన్సుకు అర్హులు. జీతం తీసుకుని విమానం నడపాలంటే కమర్షియల్ పైలటు లైసెన్సు ఉండాలి. దానికి 18 ఏళ్ళు నిండాలి. భౌతికశాస్త్రం, గణితం పాఠ్యాంశాలుగా ఇంటర్మీడియెట్ స్థాయి చదువు ఉండాలన్నది ఇంతకాలంగా ఉన్న నియమం. విమాన చోదనం, వాతావరణశాస్త్రం, విమానయాన నిబంధనలు, విమాన నిర్మాణం మొదలైనవాటిలో పరీక్షలు రాయాలి. మొత్తం 200 గంటలు ఆకాశంలో గడపాలి. నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక, శిక్షణలో చేరేముందు డి.జి.సి.ఏ. ప్రకటనలను మీరే చదివి చూసుకోండి.

లెక్కలు, భౌతికశాస్త్రం దేనికి అంటారా? కృష్ణ దాటే పడవను చూడండి. ఎదురుగా ఉన్న రేవుకు చేరాలంటే పడవవాడు పడవ ముక్కును కొంచెం ఎగువకు తిప్పి ఉంచుతాడు. లేకుంటే ప్రవాహం పడవను దిగువకు ఈడ్చుకుపోతుంది. పక్కనుంచి గాలి వీస్తున్నప్పుడు పైలటు చేసే పని కూడా అదే. పడవవాడు అనుభవంతో చేసేది పైలటు సదిశల లెక్కతో చేస్తాడు. మరొకటి: సముద్రమట్టం వద్ద ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. విజయవాడలో మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరితే, అదే పీడనం వద్ద గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. గాలి పలుచబడితే రెక్కలకు ఆధారం తగ్గుతుంది. కాబట్టి అదే బరువుతో లేవడానికి విమానం రన్‌వే మీద మరింత దూరం పరుగెత్తాలి. ఇప్పుడు మీరు బట్టీపడుతున్న సూత్రాలే రేపు ప్రయాణికుల ప్రాణాలను కాపాడతాయి సుమా!

ముందు వైద్య పరీక్ష

పైలటు కావడానికి శిక్షణ ఖర్చు నలభై, యాభై లక్షల రూపాయలు, ఒక్కొక్కప్పుడు అంతకు పైనే. ఉద్యోగంలో నడపబోయే పెద్ద విమానం మీద శిక్షణకు మళ్ళీ వేరే ఖర్చు. మన డెల్టాలో మధ్యతరగతి రైతు ఒక ఎకరం అమ్మి, ఇంకో ఎకరం తాకట్టు పెడితేనేగాని సమకూరని సొమ్ము ఇది. కనుక ఒక్క రూపాయి కట్టకముందే డి.జి.సి.ఏ. గుర్తించిన వైద్యుల వద్ద పరీక్ష చేయించుకోవాలి. ముందుగా రెండవ తరగతి పరీక్ష, తరువాత మరింత కఠినమైన మొదటి తరగతి పరీక్ష ఉంటాయి. కళ్ళద్దాలు పెట్టుకునేవారు పనికిరారన్నది అపోహ. అద్దాలతో చూపు సరిపడితే చాలు. రంగులను సరిగా గుర్తించగలగడం మాత్రం ముఖ్యం.

ఈ పరీక్ష ఒక్కసారితో ముగిసేది కాదు. సాధారణంగా 60 ఏళ్ళ వయసు దాకా ఏటా, ఆ తరువాత ఆరు నెలలకొకసారి జరుగుతుంది. మాబోటి ఉపాధ్యాయులకు చెవి కాస్త మందగించినా పాఠం చెప్పగలం. గుండెలోనో, చూపులోనో, చెవిలోనో చెప్పుకోదగ్గ లోపం కనబడితే పైలటు మాత్రం విమానం దిగవలసిందే. ఇన్ని లక్షలు పోసి నేర్చిన విద్య ఒక వైద్య ధ్రువపత్రం మీద ఆధారపడి ఉంటుంది. డిగ్రీ కావాలనడానికి ఇది మొదటి కారణం.

సంస్థలూ దిగుతాయి

రెండవ కారణం విమాన సంస్థల తీరు. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. కరోనా కారణంగా 2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలోపల ప్రయాణికుల విమానాలే ఎగరలేదు. అలాంటి రోజుల్లో పైలటు తప్పేమీ లేకపోయినా జీతం ఆగవచ్చు. బాకీ వాయిదా మాత్రం ఆగదు.

అందుకే నేననేది: విమానం ఎక్కకపోయినా మీకు అన్నం పెట్టగల డిగ్రీ చదవండి. భౌతికశాస్త్రం, గణితం, ఇంజనీరింగు, వాణిజ్యశాస్త్రం, న్యాయశాస్త్రం - ఏది మీకు ఇష్టమైతే అది. ఈ మధ్య విమానయానంలో బి.ఎస్సీ. కూడా వచ్చింది. అది మంచి చదువే, కాదనను. కాని విమానరంగం దెబ్బతిన్న రోజున లైసెన్సు, ఆ డిగ్రీ రెండూ ఒక్కసారే విలువ కోల్పోవచ్చు. రెండు ఉయ్యాలలూ ఒకే కొమ్మకు కట్టడం తెలివైన పని కాదు గదా!

"మూడేళ్ళు డిగ్రీ చదివితే నాకన్న ముందు చేరినవారు ముందే కమాండర్లవుతారు" అని మీరు అనవచ్చు. ఈ మాటలో నిజం ఉన్నది. విమాన సంస్థల్లో సీనియారిటీకి విలువ ఎక్కువ. అయితే ముందు ఎగరడం నేర్చుకుని, డిగ్రీని సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా పూర్తి చేయండి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి విజయవాడలోనే ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఇంట్లో సొమ్ము సమకూరడానికి ఎలాగూ రెండు మూడేళ్ళు పట్టేవారు మాత్రం ఆ కాలాన్ని కళాశాలలోనే గడపడం మంచిది. మనకు లయోలా ఉన్నది, ఎస్.ఆర్.ఆర్. ఉన్నది. ఏది ముందైనా సరే, రెండవదాన్ని వదలకూడదు.

ఇద్దరు తెలుగు ఆడపడుచులు

విజయవాడలో చదువుకున్న ఆనీ దివ్య ఉదాహరణ చూడండి. ఆమె తండ్రి సైన్యంలో పనిచేశారు. ఆమె 17వ ఏట ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరారు. మొదట్లో ఇంగ్లీషు మాట్లాడడానికి ఇబ్బందిపడినా పట్టుదలతో నేర్చుకుని, 19వ ఏట ఎయిర్ ఇండియాలో ప్రవేశించారు. 2017లో, 30 ఏళ్ళ వయసులో, బోయింగ్ 777 విమానాన్ని నడిపే మహిళా కమాండర్లలో అతి పిన్నవయస్కురాలిగా పేరు పొందారు. ఆమె అంతటితో చదువు చాలించలేదు. విమానయానంలో బి.ఎస్సీ. పూర్తిచేశారు, న్యాయశాస్త్రమూ చదివారు.

రెండవ వ్యక్తి, మన కోస్తా ప్రాంతంలో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష. వ్యోమగామి కావాలన్నది ఆమె చిన్ననాటి కోరిక. కంటిచూపు కారణంగా పైలటుగా ఆ దారిన వెళ్ళడం సాధ్యపడలేదు. ఆమె పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విమాన, అంతరిక్ష ఇంజనీరింగు చదివారు. చివరకు 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్ళివచ్చారు. ఒక తలుపు మూసుకున్నప్పుడు ఆమెకు ఇంకో తలుపు తెరిచింది చదువే.

విద్యార్థులారా! ఎగరాలన్న కోరికను ఎవరు వెక్కిరించినా చంపుకోకండి. ఇంటర్మీడియెట్‌లో గణితం, భౌతికశాస్త్రం తీసుకోండి. వైద్య పరీక్ష ముందు, ఫీజు తరువాత. లైసెన్సుతోపాటు సొంతకాళ్ళమీద నిలబెట్టగల ఒక డిగ్రీ సంపాదించండి. విమానం బయలుదేరేముందే, అనుకున్నచోట దిగడానికి వీలుకాకపోతే మరెక్కడ దిగాలో పైలటు నిర్ణయించుకుని, అక్కడికి చేరడానికి సరిపడే ఇంధనం నింపించుకుంటాడు. అది పిరికితనం కాదు, వృత్తిధర్మం. మీ జీవితయాత్రలో డిగ్రీ అలాంటి రెండవ విమానాశ్రయం. అక్కడ దిగే అవసరం ఎన్నడూ రాకపోతే మరీ సంతోషం!